మధ్యంతర ఎన్నికలు: ప్రశ్న పాలకులది, జవాబు మనది

గడువు తీరాక వచ్చే ఎన్నికలు వేరు, గడువు తీరకముందే వచ్చే ఎన్నికలు వేరు. ఐదేళ్లు నిండాక పాలకుడు ఓటరు ముందుకు లెక్క చెప్పడానికి వస్తాడు. మధ్యంతర ఎన్నికల్లో అలా కాదు. ముహూర్తం ఆయనే చూసుకుంటాడు. ప్రజలు దేని మీద తీర్పు చెప్పాలో ఆ ప్రశ్నను కూడా ఆయనే సిద్ధం చేసుకుని వస్తాడు. బరిలో రెండే బలమైన పక్షాలు ఉన్నప్పుడు ఆ ప్రశ్న 'వాళ్లా, మేమా?' అనే ఒక్క మాటకు కుదించుకుపోతుంది. ఇలాంటి ఎన్నికల ఫలితాలను వరంగల్ ముస్లింలమైన మనం ఎలా అర్థం చేసుకోవాలి? మన రాష్ట్ర చరిత్రలోనే ఇందుకు కావలసిన పాఠాలున్నాయి.

మొదటి పాఠం 1985 నాటిది. పుట్టిన తొమ్మిది నెలలకే తెలుగుదేశం 1983 జనవరి ఎన్నికల్లో 294 స్థానాలకు 200కు పైగా గెలిచింది. రెండేళ్లు తిరగకముందే, 1984 ఆగస్టు 16న, గవర్నర్ రాంలాల్ ఎన్.టి.రామారావు ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావు చేత ప్రమాణ స్వీకారం చేయించారు. శాసనసభలో బలం తేల్చుకునే అవకాశం కూడా రామారావుకు ఇవ్వలేదు. ఆయన తన వెంట ఉన్న సభ్యులను ఢిల్లీకి తీసుకెళ్లి రాష్ట్రపతి ఎదుట నిలబెట్టారు. ఊరూరా నిరసనలు పెల్లుబికాయి. సరిగ్గా నెల తిరిగేసరికి, సెప్టెంబరు 16న, ఆయన మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. అంతటితో ఊరుకోకుండా శాసనసభను రద్దు చేయించి 1985 మార్చిలో ప్రజల ముందుకు వెళ్లారు. 'మీ తీర్పును దొంగిలించిన వారికి మీరిచ్చే జవాబు ఏమిటి?' అన్నదే ఆనాటి ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్న. తెలుగుదేశానికి 202 స్థానాలిచ్చి, కాంగ్రెసును 50 దగ్గర నిలిపి ప్రజలు జవాబు చెప్పారు.

అయితే స్థానాల లెక్క చూసి ఊరుకుంటే అసలు సంగతి తెలియదు. ఓట్లు చూడండి. 1983లో తెలుగుదేశానికి సుమారు 46 శాతం ఓట్లు వచ్చాయి, 1985లోనూ దాదాపు అంతే. కాంగ్రెసుకు 1983లో సుమారు 33 శాతం వస్తే 1985లో అది 37 శాతానికి పెరిగింది. ఓట్లు పెరిగినా కాంగ్రెసు స్థానాలు 60 నుంచి 50కి తగ్గాయి. కారణం సులభంగానే అర్థమవుతుంది. 1983లో విడివిడిగా నిలబడిన పక్షాలు 1985లో తెలుగుదేశంతో సర్దుబాటు చేసుకున్నాయి. పోటీ రెండు శిబిరాల మధ్య పోరుగా మారింది. అటువంటి పోరులో నాలుగైదు శాతం ఓట్లు ఇటో అటో మొగ్గితే పదుల కొద్దీ స్థానాలు తారుమారవుతాయి. కనుక గెలిచినవారు 'రాష్ట్రమంతా మా వెంటే ఉంది' అంటే నమ్మనక్కరలేదు. ఓడినవారి వెంట ఎవరూ లేరనీ అనుకోనక్కరలేదు. మన వంటి కొద్దిపాటి ఓట్ల సమూహానికి ఇందులో గొప్ప ధైర్యం ఉంది: చిన్న సంఖ్యకు కూడా ఇక్కడ విలువ ఉంది.

ఆ విలువ మనకు దక్కిందా? మన ఊరి సంగతే చూద్దాం. శాసనసభ ఎన్నికలకు కొద్ది నెలల ముందు, 1984 డిసెంబరులో, లోక్‌సభ ఎన్నికలు జరిగాయి. దేశమంతా కాంగ్రెసు గాలి వీస్తుంటే ఆంధ్రప్రదేశ్ మాత్రం 30 స్థానాలు తెలుగుదేశానికి కట్టబెట్టింది. హన్మకొండలో కాంగ్రెసు అభ్యర్థి పి.వి.నరసింహారావు. ఆయనకు ఎదురు నిలిచింది తెలుగుదేశం అభ్యర్థి కాదు, ఆ పార్టీ మద్దతు పొందిన భారతీయ జనతా పార్టీ అభ్యర్థి చందుపట్ల జంగారెడ్డి. ఆయన 54 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. ఆ ఏడాది ఆ పార్టీకి దేశం మొత్తం మీద దక్కినవి రెండే స్థానాలు. అందులో ఒకటి మనది. రామారావుకు జరిగిన అన్యాయానికి నొచ్చుకున్న హన్మకొండ ముస్లిం ఓటరు ముందు ఆనాడు ఉన్న దారులు రెండే. అన్యాయం చేసిన పక్షానికి ఓటు వేయాలి, లేదా తనను భయపెట్టే పక్షానికి వేయాలి. రెండు శిబిరాల పోరులో ఒక్క ప్రశ్న ఎంత న్యాయమైనదైనా మిగిలిన ప్రశ్నలన్నిటినీ తుడిచిపెట్టుకుపోతుందని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కరలేదు.

రెండో పాఠం 2004 నాటిది. 2003 అక్టోబరు 1న అలిపిరిలో చంద్రబాబు నాయుడు మీద దాడి జరిగింది. ఆయన ప్రాణాలతో బయటపడి, సభను గడువుకు ముందే రద్దు చేసి, సానుభూతి ప్రశ్నతో జనం ముందుకు వచ్చారు. జనం ఆ ప్రశ్నను పక్కన పెట్టి తమ ప్రశ్నను తామే వేసుకున్నారు. కరువు, కరెంటు, రైతుల ఆత్మహత్యలు వారికి గుర్తున్నాయి. 2002 గుజరాత్ మారణకాండ తర్వాత కూడా తెలుగుదేశం కేంద్రంలో ఎవరికి అండగా నిలిచిందో ముస్లింలకు గుర్తుంది. తెలుగుదేశం 47 స్థానాలకు పడిపోయింది, కాంగ్రెసుకు 185 దక్కాయి. మనవారు ఈసారి ఒక స్పష్టమైన కోరికతో ఓటు వేశారు. అదే రిజర్వేషన్. కోర్టులు రెండుసార్లు కొట్టివేసినా, 2007లో వెనుకబడిన ముస్లిం వర్గాలకు 4 శాతం కోటా చట్టంగా వచ్చింది. అడిగి వేసిన ఓటుకూ అడగకుండా వేసిన ఓటుకూ తేడా ఇదే.

మూడో పాఠం 2018 నాటిది. కె.చంద్రశేఖరరావు సెప్టెంబరులో తెలంగాణ శాసనసభను రద్దు చేశారు. డిసెంబరులో సుమారు 47 శాతం ఓట్లతో 119కి 88 స్థానాలు గెలిచారు. మనకు చెప్పుకోదగ్గ పనులు జరగలేదని కాదు. 2016 నుంచి మైనారిటీ గురుకులాలు తెరిచారు, వేలాది పేద పిల్లలు వాటిలో చదివారు. కానీ 12 శాతం రిజర్వేషన్ బిల్లు 2017 ఏప్రిల్‌లో సభలో నెగ్గి ఢిల్లీకి వెళ్లి అక్కడే ఆగింది. ఎన్నికల వేళ దాని సంగతి గట్టిగా నిలదీసినవారు ఎందరు? ఇక ఫలితాల తర్వాత ఆరు నెలలకే, 2019 జూన్‌లో, 18 మంది కాంగ్రెసు సభ్యుల్లో 12 మంది అధికార పక్షంలో కలిసిపోయారు. పాత వరంగల్ జిల్లాలోని భూపాలపల్లి సభ్యుడు వారిలో ఒకరు. 1985లో ఫిరాయింపుల నిషేధ చట్టం వచ్చింది. ఒకరిద్దరు దాటితే పదవి పోతుంది, మూడింట రెండు వంతులు దాటితే విలీనం అంటారు. ఓటరు వేసిన ఓటు మాత్రం ఒకచోట, అది గెలిపించిన మనిషి మరోచోట.

ఇప్పుడు మన సంగతి. రెండు పక్షాలే ఉన్నచోట ఒకరు 'వీళ్లు మమ్మల్ని కాదని ఎక్కడికి పోతారు?' అనుకుంటారు. మరొకరు 'వీళ్లు మాకెలాగూ వేయరు' అనుకుంటారు. ఇద్దరూ మన గడపలో కూర్చుని మాట్లాడవలసిన అవసరం లేకుండా పోతుంది. పోలింగుకు ముందురోజు నలుగురు పెద్దలను పిలిచి మాట తీసుకుంటే మొహల్లా మొత్తం తమదేనని లెక్క వేసుకుంటారు.

'ఓట్లు చీలితే మనకు కీడు చేసేవారే గెలుస్తారు కదా' అని కొందరు సోదరులు అంటారు. ఆ భయం ఉత్తది కాదు. హన్మకొండ అనుభవం ఉన్న మనం ఆ మాటను తేలిగ్గా తీసివేయలేము. కలిసి ఓటు వేయడం తప్పు కాదు. ఏమీ అడగకుండా కలిసి వేయడమే తప్పు. భయంతో వేసే ఓటుకు కూడా ధర కట్టవచ్చు. ఆ ధర డబ్బు కాదు, పని.

కనుక ఎన్నికలు ఎప్పుడు వచ్చినా మన ప్రశ్నలు ముందే సిద్ధంగా ఉండాలి. ఉర్దూ బడుల్లో ఖాళీగా ఉన్న ఉపాధ్యాయుల పోస్టులు ఎప్పుడు నింపుతారు? వక్ఫ్ భూముల ఆక్రమణలు ఎవరు తొలగిస్తారు? ఒకప్పుడు ఊరికి అన్నం పెట్టిన ఆజంజాహి మిల్లు మూతపడింది, ఆ లోటు తీర్చే ఉపాధి మన యువకులకు ఎక్కడ చూపిస్తారు? మండీబజారులో అయినా కాజీపేటలో అయినా రెండు పక్షాల అభ్యర్థులనూ ఇవే ప్రశ్నలు అందరి ముందూ అడగాలి. చెప్పిన జవాబులు రాసి ఉంచుకోవాలి. ఫలితాలు వచ్చిన ఏడాదికి ఆ కాగితం తీసుకుని గెలిచినవారి దగ్గరికి వెళ్లాలి. ఓడినవారి దగ్గరికీ వెళ్లాలి, రేపు గెలిచేది వారే కావచ్చు.

ఓటు మన చేతిలోని అమానతు. దాన్ని ఎవరికి అప్పగించామో, ఎందుకు అప్పగించామో చెప్పలేని స్థితి మనకు రాకూడదు.