పాట ఇంట్లోనే, ప్రతులు రెండు చోట్ల

ఉత్తరాంధ్ర జానపద కళలైన జముకుల కథనో తప్పెటగుళ్లనో రికార్డు చేయడానికి ఎచ్చెర్ల కళాకారులు విశాఖపట్నం స్టూడియోల దాకా వెళ్లనక్కర్లేదు. ఒక కండెన్సర్ మైకు, దాన్ని కంప్యూటర్‌కు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్, హెడ్‌ఫోన్, ఉచితంగా దొరికే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్ ఉంటే పని మొదలవుతుంది. ఖరీదైన మైకు కన్నా ముందు గది కుదరాలి: ఫ్యాను ఆపి, గోడలకు బొంతలు, దుప్పట్లు కడితే ప్రతిధ్వని తగ్గుతుంది. రేకు తప్పెట మోత పదునైనది కాబట్టి మైకును దూరంగా పెట్టి, అత్యధిక శబ్దం కూడా మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూడాలి. ఒకసారి చిట్లిన శబ్దం మళ్లీ బాగుపడదు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైలుగా దాచిన గంటసేపు స్టీరియో కథకు సుమారు 1 జీబీ చోటు కావాలి. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా పంపితే ధ్వని కుదించుకుపోతుంది. మిక్సింగ్ చేసేవారికి అసలు ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోనో ఎస్‌ఎస్‌డీలోనో ఇవ్వడమే మేలు. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన డ్రైవ్ 4 జీబీ మించిన ఫైలును తీసుకోదు, ఎక్స్‌ఫ్యాట్‌కు ఆ ఇబ్బంది లేదు. కాపీ పూర్తయ్యాక ఎజెక్ట్ చేసి తీయాలి, ఫైలు తెరిచి వినాలి. అయితే పెన్‌డ్రైవ్ మోసుకెళ్లడానికే, భద్రపరచడానికి కాదు. ప్రతి రికార్డింగుకూ రెండు వేర్వేరు డ్రైవ్‌లలో ప్రతులు, అందులో ఒకటి మరో ఇంట్లో ఉండాలి. కళాకారులు ఒప్పుకుంటే ఇంకో ప్రతిని ఎచ్చెర్లలోనే ఉన్న అంబేడ్కర్ విశ్వవిద్యాలయం దాచి, పాడినవారి పేరు, ఊరు, తేదీ నమోదు చేయాలి. ఉత్తరాంధ్ర పాటకు ఆ మాత్రం భద్రత దక్కి తీరాలి.