సీమవంకాయకు పందిరి వేయుటకు ముందు

సీమవంకాయ నేడు మన సంతలలో కొత్త సరుకు కాదు. బెంగుళూరు వంకాయ అని కొందరు, చౌచౌ అని కొందరు అందురు. లేతాకుపచ్చ రంగున, నిలువు ముడతలు పడిన పెద్ద జామకాయ వలె నుండును. పప్పులోను, కూటులోను బాగుండును గనుక ఇల్లాండ్రు కొనుచున్నారు. ఇది చూచి భద్రాచలం ప్రాంతపు రైతులు కొందరు, “లారీలమీద వచ్చు ఈ కాయను మనమే ఏల పండించరాదు?” అని అడుగుచున్నారు. ప్రశ్న మంచిదే. నా అభిప్రాయము ముందుగనే చెప్పుచున్నాను: ఇంటికొక తీగ నాటుకొనండి, ఎకరము పందిరి మాత్రము దీనికొరకు వేయవద్దు.

పేరులో వంకాయ యున్నను ఇది వంగజాతి కాదు; దోస, బీర, సొరలకు చుట్టము. దీని పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా కొండలు. సీమచింత కూడ ఆ దిక్కునుండి వచ్చినదే. కాని సీమచింత మన యెండకు అలవాటుపడినది, సీమవంకాయ పడలేదు. దీనికి 13 మొదలు 21 డిగ్రీల సెంటీగ్రేడు వరకు గల చల్లదనము హితము. సగటు వేడి 28 డిగ్రీలు దాటినచో తీగ విపరీతముగా అల్లుకొనును గాని, పూత, పిందె రాలిపోవును. పగటి పొద్దు సుమారు 12 గంటలకు తగ్గినగాని పూత సరిగా రాదు. మిజోరం, మేఘాలయ, డార్జిలింగు కొండలలోను, తమిళనాట కొడైకెనాలు వైపునను ఇది విరివిగా కాయుటకు కారణ మిదియే. బెంగుళూరు సముద్ర మట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్నది. గోదావరి ఒడ్డున నున్న భద్రాచలం ఎత్తు సుమారు 50 మీటర్లు. వైశాఖ జ్యేష్ఠములలో ఇక్కడి యెండ 45 డిగ్రీలకు చేరుట మీకు తెలియనిది కాదు. తెలుగువారిలో ఎవరైన దీనిని ఎకరాల లెక్కన పరీక్షింపదలచినచో అరకు, చింతపల్లి కొండలవారు పరీక్షింపవలెను.

నేనును ఒకసారి ఆశపడితిని. నూతి గట్టున రెండు కాయలు నాటగా, వర్షాకాలములో తీగలు రేకుల పాకను కప్పివేసినవి. చూచినవారందరు మెచ్చుకొనిరి. కార్తీకము వరకు పిందె నిలువలేదు. చలి ముదిరిన తరువాత పదో పన్నెండో కాయలు దక్కినవి. మరుసటి వేసవిలో తీగ మాడిపోయినది. ఇంటి కూరకు ఆ కాయలు సరిపోయినవి, సంతోషమే. అదే రాతి స్తంభములు పాతి, తీగె లాగి, కూలి ఇచ్చి వేసిన పందిరియైనచో అప్పు మిగిలెడిది.

పందిరి వేయవద్దనుట లేదు. దానిపై దొండ, బీర, కాకర పాకించండి. మన అడవి అంచు పల్లెలకు వీటన్నిటికంటె తగినది ఆకాకర. బోడకాకర యని కూడ అందురు. తొలకరి తరువాత అడవి నుండి బుట్టలలో వచ్చు ఈ కాయను పట్నవాసులు ఎక్కువ ధర యిచ్చి కొందురు. దీని దుంప వేసవియంతయు నేలలో నిద్రించి, వాన పడగానే తానే మొలచును. ఇందులో ఆడ తీగ, మగ తీగ వేరు. గింజ వేసినచో ఇంచుమించు సగము మగవే వచ్చి చోటు దండుగ యగును. కనుక దుంపలే నాటవలెను; పది ఆడ తీగలకు ఒక మగ తీగ చాలును. పూతకాలమున పువ్వు క్రింద ముళ్ళ పిందె యున్న తీగకు దారము కట్టి గుర్తు పెట్టుకొని, తీగ ఎండిన పిమ్మట దుంప తీయండి. అడవిలో కనబడిన దుంపనెల్ల త్రవ్వి తెచ్చువారును గలరు. అది ఏరుకొని బ్రతుకు కోయ కుటుంబముల నోటి ముద్ద తీయుటే యగును. రెండు మూడు దుంపలు తెచ్చి, దొడ్డిలో పెంచుకొనుట న్యాయము.

గ్రామోద్యోగులకు, విస్తరణాధికారులకు ఒక మాట. పందిళ్ళకు సహాయము కోరు రైతుల పట్టీ వ్రాయునపుడు ఏ తీగ కొరకో కూడ అడిగి వ్రాయండి. కొండకు, ఏటి ఒడ్డుకు ఒకే సలహా చెల్లదు.

ఇక ఇంటి తీగ సంగతి. సీమవంకాయలో గింజ ఒక్కటే. అది కాయలోనే మొలచును. కనుక గింజ తీయక, మొలక వచ్చిన ముదురు కాయనే నాటవలెను. వానలు నిలదొక్కుకొన్న తరువాత, మధ్యాహ్నపు నీడ పడు చోట, పశువుల ఎరువు కలిపిన గుంటలో కాయను ఏటవాలుగ, కొంత పైకి కనబడునట్లు ఉంచండి. నీరు నిలిచినచో కుళ్ళును. పిందె నిలువకున్నను తీగ వ్యర్థము కాదు. ఈశాన్య కొండలవారు లేత కొసలను ఆకుకూరగా వండుకొందురు. మనము పప్పులో వేసికొనవచ్చును. కాయ తరుగునపుడు జిగురు చేతికంటుకొని చర్మము బిగిసినట్లుండును. నీళ్ళలో ముంచి చెక్కు తీసినచో ఆ బాధ యుండదు.