ఫోటో సాక్షి మాత్రమే

ఫోటో చూసి మనిషి బొమ్మ గీయడం కళ అవుతుందా, కాదా అన్న వాదన చిత్రకళాభిమానుల మధ్య తరచుగా వినబడుతూనే ఉంటుంది. నా దృష్టిలో ఆ వాదనకు కాలం చెల్లింది. ఫ్రెంచి చిత్రకారుడు దెలాక్రువా 1854లోనే దురియూ తోడ్పాటుతో తీయించిన ఛాయాచిత్రాలను ఎదుట పెట్టుకుని మానవదేహాన్ని అభ్యాసం చేశాడు. అంతటివాడికి పనికివచ్చిన సాధనం మనకు పనికిరాకుండా పోదు. తేల్చుకోవలసిన ప్రశ్న మరొకటి ఉంది. ఫోటో చెప్పేదాన్ని ఎంతవరకు నమ్మాలి? శ్రీకాకుళం, విజయనగరం మనుషులను బొగ్గుతో గీయబూనిన వారికి ఈ ప్రశ్న మరీ ముఖ్యమైనదని నా అభిప్రాయం.

మా ప్రాంతంలో చాలా ఇళ్ళ గోడల మీద గతించిన పెద్దల బొమ్మలు దండలతో కనబడతాయి. వాటిలో కొన్ని బొగ్గుపొడితో వేసినవి. చిన్న ఫోటో మీద గళ్ళు గీసి, అవే గళ్ళు పెద్ద కాగితం మీద గీసుకుని, గడి తర్వాత గడి నింపుకుంటూ పోయే పద్ధతి అది. ఒక్కొక్కప్పుడు ఆ ఇంటివారి దగ్గర ఉండేది ఆధార్ కార్డు మీది తపాలాబిళ్ళంత ముఖమే. జీవితమంతా ఎండలో మడిచెక్కలో గడిపిన మనిషి అందులో బెదిరిన కళ్ళతో, బిగించిన పెదవులతో ఉంటాడు. దానికి తోడు ఇంటివారి కోరిక ఒకటి: "కాస్త తెల్లగా వెయ్యండి బాబూ!"

ఈ కోరిక తీర్చడానికి చిత్రకారుడు పెద్దగా శ్రమపడనక్కరలేదు. సగం పని కెమెరాయే చేసిపెడుతుంది. కెమెరాలోని కాంతిమాపకం తన ఎదుట ఉన్నది మధ్యరకం బూడిదరంగే అనుకుని లెక్క కడుతుంది. ఫ్రేము నిండా నల్లని ముఖం ఉంటే దాన్ని వెలవెలబోయేలా చేస్తుంది. వెనుక సున్నపుగోడ ఉంటే అదే ముఖాన్ని ముక్కూ చెంపా తెలియని నల్లముద్దను చేస్తుంది. రంగుల ఫిల్ము రోజుల్లో కొడాక్ సంస్థ ప్రయోగశాలలకు పంపిన షర్లీ కార్డుల మీద ఉన్నది తెల్లజాతి స్త్రీ. ఆమె ఒంటిరంగు సరిగా వస్తే ఫోటో సరిగా వచ్చినట్టు లెక్క. వేర్వేరు వర్ణాల మనుషులతో కార్డు రావడానికి 1990ల దాకా పట్టింది. ఇప్పుడు చేతిలోని ఫోనే అడగకుండా ముఖం నునుపు చేసి, ముడతలు చెరిపి, తెల్లబరచి ఇస్తున్నది. దాన్ని యథాతథంగా గీసినవాడు మనిషిని గీసినట్టా, యంత్రం అభిరుచిని గీసినట్టా?

బొగ్గు నల్లని ఒంటికి పుట్టు నేస్తం. తెల్ల కాగితాన్ని అలాగే వదిలి నీడలు మాత్రం అద్దే పద్ధతి పాశ్చాత్య పుస్తకాలలో ఎక్కువ కనబడుతుంది. మన మనుషులకు దాన్ని తిరగవేయాలంటాను. ముందు కాగితమంతా బొగ్గు పరచి, గుడ్డతో అదిమి, ఒక నడిమి ఛాయ తెచ్చుకోవాలి. ఆపైన మెత్తని పిండిరబ్బరుతో వెలుగును పైకి తీయాలి. నల్లని చర్మం మీద వెలుగు విశాలంగా పరచుకోదు. నుదుటి మీద, చెంప ఎముక మీద, భుజం గుండ్రన మీద చెమట మెరిసినట్టు చిన్న చిన్న చోట్ల తళుక్కుమంటుంది. ఆ చోట్లు సరిగా పడితే ఎంత నలుపులోనైనా ముఖం స్పష్టంగా నిలుస్తుంది.

రంగు సంగతి ఇలా ఉండగా, ఆకారం విషయంలోనూ ఫోటో అబద్ధమాడుతుంది. చేయి చాచిన దూరంలో తీస్తే ముక్కు పెరిగి చెవులు వెనక్కు పోతాయి. నిలబడినవాణ్ణి దగ్గరనుంచి, కంటి ఎత్తులో తీస్తే తల పెరిగి కాళ్ళు కురచబడతాయి. కదలిక చిక్కడం ఇంకా కష్టం. తప్పెటగుళ్ళ ఆటగాడు ఎగిరిన క్షణాన తీసిన ఫోటోలో గాలిలో వేలాడదీసినట్టుంటాడు. ఆ ఎగురుకు బలమిచ్చిన మోకాలి వంపు అంతకు ముందు క్షణంలో ఉండిపోయింది. పొందూరులో నూలు వడికే స్త్రీని చూడండి. కుడిచేయి రాట్నం తిప్పుతుంటే ఎడమచేయి దారాన్ని లాగుతూ వెనక్కు పోతుంది. ఆ లాగుడుకు నడుము ఎంత ఒరుగుతుందో ఒక్క ఫోటో చెప్పలేదు. పలాసలో జీడిపిక్కలు కొట్టే చేతులను తీసుకోండి. జీడి రసానికి వేళ్ళ కొసలు నల్లబడి ఉంటాయి. ఎరిగినవాడు ఆ నలుపు పనివల్ల వచ్చిందని గ్రహించి బొగ్గును అక్కడ నొక్కుతాడు. ఎరుగనివాడు అది నీడ అనుకుని మెత్తగా పులుముతాడు.

"మా ఊళ్ళో నమూనాగా కూర్చునేవారెవరు? దేహచిత్రణ నేర్పే బడి ఎక్కడుంది?" అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. చిన్న పట్టణంలో, అందులోనూ ఆడపిల్లలకు, ఇది నిజమైన అడ్డంకి. అయితే ఈ నేలకు సజీవ నమూనా కొత్తదేమీ కాదు. బొబ్బిలిలో పుట్టి విజయనగరాన్ని తన కళాక్షేత్రంగా చేసుకున్న అంట్యాకుల పైడిరాజు (1919-1986) చెన్నపట్నంలో దేవీప్రసాద్ రాయ్ చౌధురి దగ్గర చదువుకున్నారు. మెరీనా తీరంలో బండను కదిలిస్తున్న నలుగురు శ్రామికుల విగ్రహం (1959) ఆ గురువు చేతిదే. సజీవ వ్యక్తులను ఎదుట నిలబెట్టుకుని మలచిన ఆ కండరాలలో బండ బరువు తెలుస్తుంది. ఆ సంప్రదాయం చదువుకున్న చేయి మన విజయనగరంలో పల్లె స్త్రీలను చిత్రించింది.

బడి లేకపోయినా చూపుకు కరువు లేదు. బస్సు కోసం నిలబడినవారు, రైతుబజారులో గంప దించుకునేవారు, మధ్యాహ్నం అరుగు మీద నిద్రపోయే తాతగారు, అద్దంలో మన సొంత భుజం ఉండనే ఉన్నాయి. రోజూ అయిదేసి నిమిషాల గీతలు పది గీసినవాడికి ఫోటో లొంగుతుంది. ఫోటోయే కావలసివస్తే మనమే తీసుకోవడం మేలు: వసారా వెలుగులో, ఫ్లాష్ లేకుండా, ఏడెనిమిది అడుగుల దూరం నుంచి, నిలువెత్తు బొమ్మకు కెమెరాను నడుము ఎత్తులో పట్టుకుని. గతించినవారి బొమ్మ అయితే ఒక్క కార్డుతో సరిపెట్టుకోక, పెళ్ళి ఫోటోలలో వెనుక వరుసన నిలబడిన ముఖాలు వెతకాలి. ఆయన ఎలా కూర్చునేవారో, ఏ భుజాన కండువా వేసేవారో ఇంటివారిని అడగాలి. సాక్షులు ఎక్కువైనకొద్దీ అబద్ధం తగ్గుతుంది.

ఇంతగా చెప్పడానికి కారణముంది. ఆ గోడమీది బొమ్మే రేపటి మనవలకు తాత. వాళ్ళు తమ అరచేతి వెనుక నలుపును చూసుకుని, గోడమీది తెల్లని తాతను చూసి, తమ రంగు ఎక్కడినుంచి వచ్చిందో తెలియక పెరగకూడదు. ఇంటివారు తెల్లగా వెయ్యమన్నప్పుడు వాదించనక్కరలేదు. నల్లగానే, వెలుగులన్నీ సరిగా పడేలా ఒకటి వేసి చూపించాలి. "అచ్చం ఆయనే" అన్న మాట రావడానికి తెలుపుతో పనిలేదని వారికే తెలుస్తుంది. బొమ్మలు గీసే మిత్రులు మీ అనుభవం కూడా చెబితే సంతోషిస్తాను.