చోరీ కేసులో రైతుకు జవాబు చెప్పేదెవరు?

పత్తి ఏరే కాలం వచ్చిందంటే జమ్మికుంట చుట్టుపక్కల పల్లెల్లో పగటిపూట ఇళ్లకు తాళాలే కనబడతాయి. ఇంటిల్లిపాదీ చేనుకాడనే ఉంటారు. ఉత్తర తెలంగాణలో పేరున్న పత్తి మార్కెట్ మనది. ఏ నెలలో రైతు చేతికి పైకం వస్తుందో, ఏ పూట ఇల్లు ఖాళీగా ఉంటుందో దొంగకు వేరే చెప్పనక్కర్లేదు.

తాళం పగిలాక ఏం జరుగుతుందో మన సభ్యులకు తెలుసు. మొదటి రోజు హడావుడి. ఎస్సై వస్తారు, క్లూస్ టీం బీరువా మీద వేలిముద్రలు తీసుకుంటుంది, పేపర్లో నాలుగు లైన్లు పడతాయి. వారం తర్వాత ఠాణాకు పోతే 'సార్ బందోబస్తుకు పోయిండు' అంటారు. నెల తర్వాత పోతే 'దొరికితే మేమే ఫోన్ చేస్తం' అంటారు. ఈలోగా ఎస్సై బదిలీ అయితే కొత్త సారుకు మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి. ఠాణా పేరు రాయడం లేదు. ఇది ఒక్క ఠాణా సంగతి కాదు.

పోయింది నగలే కదా అనుకునేవాళ్లు ఒక్క మాట తెలుసుకోవాలి. రైతు ఇంట్లో బంగారం సింగారానికి కాదు. వానాకాలం మొదట్లో బ్యాంకులో కుదువపెట్టి విత్తనాలు, ఎరువులు తెచ్చేది, పంట అమ్మగానే విడిపించుకునేది ఆ నాలుగు తులాలే. పట్టా పాసుపుస్తకం లేని కౌలు రైతుకు బ్యాంకులో చూపడానికి అంతకు మించిన పూచీ లేదు. అది పోయిందంటే వచ్చే సాలు మూడు రూపాయల మిత్తికి అప్పు తేవాలి. అందుకే ఇంటి చోరీని మేము పంట నష్టంగానే చూస్తున్నాం.

ఆలస్యం దొంగకే లాభం. 'నేను సైతం' పేరిట చందాలు వేసుకొని ఊర్లలో సీసీ కెమెరాలు పెట్టించుకున్నాం. వాటిలో పాత రికార్డు మీద కొత్తది ఎక్కుతుంది. పోలీసులు వెంటనే తీసుకోకపోతే ఆ సాక్ష్యం చెరిగిపోతుంది. బంగారం కరిగిస్తే ఎవరిదో ఆనవాలు పట్టడం కష్టం.

పోలీసులకు సిబ్బంది తక్కువ, పని ఎక్కువ అన్నది నిజమే. కానీ ఉన్న బలగాన్ని దేనికి వాడుతున్నారన్నదే మా ప్రశ్న. 2021లో హుజూరాబాద్ ఉప ఎన్నికకు మన ఊర్లలో ఎంతమంది పోలీసులు దిగారో చూశాం. 'చలో కలెక్టరేట్' అని పిలుపు ఇస్తే తెల్లారకముందే రైతు నాయకుల ఇల్లు వెతుక్కుంటూ రాగలిగినవాళ్లకు, దొంగతనం జరిగిన ఇంటి దారి రెండోసారి ఎందుకు దొరకదు? శాంతిభద్రతల పనిని, నేర దర్యాప్తును వేరు చేయాలని సుప్రీంకోర్టు ప్రకాశ్ సింగ్ కేసులో 2006లోనే చెప్పింది. అది సక్రమంగా జరిగి ఉంటే చోరీ కేసు చూసే అధికారి బందోబస్తుకు పోవాల్సిన పని ఉండదు.

చట్టం మన పక్షాన ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 193వ సెక్షన్ ప్రకారం, దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా ఫిర్యాదుదారుకు పోలీసులే తెలియజేయాలి. ఫోన్ సందేశం ద్వారానైనా సరే. 173వ సెక్షన్ ప్రకారం ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. ఇంటి చోరీ వంటి నేరంపై ఫిర్యాదు వస్తే ఎఫ్ఐఆర్ నమోదు తప్పనిసరి అని లలితా కుమారి కేసులో 2013లో సుప్రీంకోర్టు తేల్చింది. నమోదు చేయకపోతే పై అధికారికి రాతపూర్వకంగా పంపవచ్చు. మన దగ్గర ఆ అధికారి కరీంనగర్ పోలీసు కమిషనర్. అక్కడా పని కాకపోతే మేజిస్ట్రేట్ ఉన్నారు. సొత్తు దొరికితే దాన్ని ఏళ్ల తరబడి ఠాణాలో ఉంచడం కూడా చెల్లదు. ఫొటోలు తీసి, పూచీకత్తు తీసుకొని త్వరగా అప్పగించాలని 2002లోనే సుప్రీంకోర్టు ఆదేశించింది.

సభ్యులకు మా సూచన ఇది. అమ్మగారింటి నుంచి వచ్చిన పాత బంగారానికి బిల్లులు ఎక్కడివి? కాబట్టి పెళ్లి ఫొటోలు దాచుకోండి. ఎప్పుడైనా ఆ నగలు బ్యాంకులో పెట్టి ఉంటే, తూకం రాసిన కాగితం నకలు అడిగి తెచ్చుకోండి. అంతకంటే గట్టి రుజువు లేదు. పత్తి అమ్మిన తక్‌పట్టీని పారేయొద్దు. ఇంట్లో నగదు ఎక్కడిదని అడిగితే అదే జవాబు. ఫిర్యాదు రాసి ఇచ్చి, రెండో కాపీ మీద ఠాణా ముద్ర వేయించుకోండి. 90 రోజులు గడిచినా కబురు లేకపోతే ఒంటరిగా తిరగొద్దు, గ్రామ కమిటీకి చెప్పండి. పది మంది కలిసి పోయి అడిగితే ఫైలు కదులుతుంది.

ప్రభుత్వాన్ని, పోలీసు ఉన్నతాధికారులను మేము అడుగుతున్నవి నాలుగే. పత్తి సీజన్‌లో పగటిపూట పల్లెల్లో గస్తీ పెట్టాలి. ప్రతి ఠాణాలో చోరీ కేసుల దర్యాప్తుకు బందోబస్తుతో సంబంధం లేని సిబ్బందిని కేటాయించాలి. తేలని చోరీ కేసుల వివరాలు మూడు నెలలకోసారి గ్రామ పంచాయతీలో చెప్పాలి. దొరికిన సొత్తును కోర్టు ద్వారా వెంటనే రైతుకు ఇప్పించాలి.

దొంగ దొరకలేదంటే అర్థం చేసుకుంటాం. కానీ వెతికారా లేదా అన్నదానికి జవాబు చెప్పాల్సిందే. ఆ జవాబు మన హక్కు.