బావికి హద్దు ఎక్కడ?

ఫిఖ్హ్ తరగతిలో బంజరు భూముల అధ్యాయం వచ్చినప్పుడల్లా మేము బావి 'హరీమ్' గురించి బోధిస్తుంటాము. బంజరులో ఒకరు బావి త్రవ్వుకుంటే, దాని చుట్టూ కొంత మేర మరొకరు త్రవ్వరాదు. పశువులకు నీరు పెట్టే బావికి నలభై మూరలు, ఊటకు ఐదు వందల మూరలు అని హనఫీ గ్రంథాలు పేర్కొన్నాయి. ఆ నలభై మూరలు ఒక్కొక్క వైపునా ఉండాలని 'హిదాయా' గ్రంథకర్త ఇమామ్ మర్గీనానీ నిర్ణయించారు. నేల మెత్తనిదైతే ఒక బావి నీరు ప్రక్క బావిలోకి మళ్ళిపోతుందన్నది ఆయన చూపిన కారణం. ఎనిమిది వందల ఏళ్ళ నాటి మాట ఇది. ఇన్నేళ్ళుగా బోధిస్తూ కూడా మేము ఒక్కనాడైనా కొలతాడు చేత పట్టింది లేదు.

గత వేసవిలో పట్టవలసి వచ్చింది. తాండూరు దారిలోని మా మద్రసాలో బోరు పది నిమిషాలు పోసి ఆగిపోసాగింది. ఆవరణ మూలలో మరింత లోతుగా ఇంకొక బోరు వేయిద్దామని కమిటీ పెద్దలు తీర్మానించారు. అప్పుడొక విద్యార్థి అడిగాడు: "హజ్రత్, ఆ మూల నుంచి ప్రక్క చేను బోరుకు ఎన్ని మూరలు?" కొలిచి చూస్తే నలభైకి లోపే! స్వంత స్థలంలో త్రవ్వుకుంటే పరిహారం చెల్లించే బాధ్యత లేదని మన ఫుఖహాలు చెప్పిన మాట వాస్తవమే. కాని పొరుగువానికి హాని తలపెట్టరాదన్నది కూడా ధర్మమే కదా. హాని జరుగుతుందా లేదా అని తెలిసేదెలా? గ్రంథం నియమాన్ని చెబుతుంది. మా నేల క్రింద నీరు ఎటు కదులుతుందో అది చెప్పదు. అందుకు వేరే సాక్షి కావాలి.

ఆ సాక్షులు మన మధ్యనే తిరుగుతున్నారు. అక్కడక్కడ ప్రభుత్వ స్థలాలలో తాళం వేసిన మూతతో ఒక ఇనుప గొట్టం కనబడుతుంది. చాలామంది దానిని చెడిపోయిన బోరనుకుంటారు (మేమూ అలాగే అనుకున్నాము). అది పీజోమీటరు. దాని నుంచి ఎవరూ నీరు తోడరు. కేవలం మట్టం చూడడానికే దానిని వేశారు. రాష్ట్ర భూగర్భ జలశాఖ వారు ప్రతి నెలా, కేంద్ర భూగర్భ జల మండలి వారు తమ పరిశీలక బావులలో ఏడాదికి నాలుగు సార్లు నీటిమట్టం కొలుస్తారు. కొలతపట్టీ చివరనున్న లోహపు మొన నీటిని తాకగానే పైన శబ్దం వస్తుంది. లోతు వ్రాసుకొని, నేలపైకి ఉన్న గొట్టం ఎత్తును అందులోంచి తీసివేస్తారు. చూడడానికి ఇంతే. కాని వానలకు ముందు మే నెల అంకెను, వానల తరువాత నవంబరు అంకెను ప్రక్క ప్రక్కన పెడితే భూమికి ఆ ఏడు చేరిన జమ బయటపడుతుంది.

మన ప్రాంతంలో ఆ ఖాతా చాలా చిన్నది. వికారాబాద్ వైపు ఎర్రనేల క్రింద లావా గట్టిపడిన నల్లరాయి, తాండూరు వైపు నాపరాయి. ఇటువంటి రాతిలో నీరు నిలిచేది పై శిథిల పొరలోనూ, పగుళ్ళలోనూ మాత్రమే. రాతి ఘనపరిమాణంలో మనకు తిరిగి ఇచ్చే నీరు సుమారు 2 శాతం అనుకుంటే, 100 మిల్లీమీటర్ల నీరు ఇంకితే మట్టం 5 మీటర్లు లేస్తుంది. అంతే నీరు తోడితే 5 మీటర్లు పడిపోతుంది. మంచి వానకు బావి నిండినదని సంబరపడి, ఫిబ్రవరికే అడుగు కనబడిందని ఆశ్చర్యపోవడం ఇందువల్లనే. లోతుకు పోతే నీరు పెరుగుతుందన్న హామీ కూడా లేదు. క్రిందికి పోయేకొద్దీ పగుళ్ళు సాధారణంగా తగ్గిపోతాయి.

వాగులను కొలిచేదీ ఈ లెక్కలో భాగమే. అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ తూర్పుకు, తాండూరు మీదుగా పోయే కాగ్నా పడమరకు సాగి, చివరకు రెండూ కృష్ణమ్మలోనే కలుస్తాయి. వానలు వెళ్ళిపోయిన తరువాత ఇటువంటి వాగులలో సన్నగా పారేది చాలావరకు నేలలోంచి ఊరిన నీరే. భూగర్భ మట్టం వాగు అడుగు కంటే దిగిపోతే ఆ ధార ఆగిపోతుంది. అందుకే కరువును నిర్ధారించేటప్పుడు వర్షపాతంతో పాటు పంటల స్థితి, నేల తేమ, వాగుల ప్రవాహం, భూగర్భ జలమట్టం కూడా పరిశీలించాలని 2016 నాటి కేంద్ర కరువు నిర్వహణ గ్రంథం నిర్దేశించింది. ఒక గొట్టంలో తప్పుగా వ్రాసిన అంకె ఒక రైతు హక్కును తారుమారు చేయగలదు. ఎండలో ఆ పట్టీ దింపే మనిషి చేస్తున్నది మా దృష్టిలో షహాదత్ వంటిదే.

2002 నాటి వాల్టా చట్టంలో సర్కారు తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు క్రొత్త బావి త్రవ్వరాదన్న నిబంధన చదివినప్పుడు మాకు హరీమ్ పాఠమే గుర్తుకు వచ్చింది.

కమిటీ సమావేశంలో ఈ సంగతులన్నీ ముందుంచాము. ఒక పెద్దాయనకు కోపం వచ్చింది. "పిల్లలు ఉజూ దేనితో చేయాలి మౌల్వీ సాహెబ్?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. దైవప్రవక్త (సఅసం) ఒక ముద్దు నీటితో ఉజూ చేసేవారని హదీసులు తెలుపుతున్నాయి. అది చాలా కొద్దిపాటి నీరే. మా కుళాయి క్రింద పాత్ర పెట్టి చూస్తే ఒక్కొక్క విద్యార్థికి అయిదారు లీటర్లు పోతున్నాయి. మాకైతే అంతకంటే ఎక్కువ! కుళాయిల ధార తగ్గించాము, ఉజూ నీటిని ఇంకుడు గుంతకు మళ్ళించాము. బోరు తీర్మానం ఇప్పటికి వాయిదాలోనే ఉన్నది. ప్రక్క చేను రైతుకు ఈ చర్చ సంగతి మేమే వెళ్ళి చెప్పాము. ఆయన తన బోరును రోజుకు ఎన్ని గంటలు నడుపుతున్నదీ వ్రాసి ఇస్తానన్నారు.

నవంబరులో ఆ గొట్టం మూత తెరిచిన రోజున మా విద్యార్థులు ముగ్గురు నోటుపుస్తకంతో అక్కడ నిలబడ్డారు. మే నెల అంకె ఎదురుగా క్రొత్త అంకె వ్రాసుకొని వచ్చారు.