కరెంటు పోతదని చెప్పొచ్చట, ఎందుకు పోయిందని అడగొద్దట

పోయిన వానాకాలం మా గూడెంలో ఒక అవ్వ రేడియోకు ఫోన్ చేసింది. మనవడు నంబర్ కలిపి ఇచ్చిండు. మా దగ్గర వినిపించే చిన్న కమ్యూనిటీ రేడియో అది, ఆ రోజు ముచ్చట విత్తనాల మీద. అవ్వ గోండిలో మొదలుపెట్టి, వచ్చీరాని తెలుగులోకి మారింది. "విత్తనం సరే బిడ్డా, ఏ భూమిల ఎయ్యాలె? పోడు పట్టా కోసం తిరిగి తిరిగి కాళ్లు అరిగినయ్. సార్లు ఏం చేస్తున్నరు?" అని అడిగింది. "అమ్మా, అది రాజకీయం, ఇక్కడ మాట్లాడొద్దు" అన్నరు అటునుంచి. వెంటనే పాట వేసిండ్రు. అవ్వ మాత్రం ఫోన్ చెవికి పెట్టుకునే కూర్చుంది, పాట అయిపోయినంక తన వంతు మళ్లీ వస్తదని.

ఆ యాంకరమ్మ మీద నాకు కోపం లేదు. వార్తలు, వర్తమాన రాజకీయాలు మాట్లాడితే వాళ్ల లైసెన్సుకే ఎసరు. కమ్యూనిటీ రేడియోకు కేంద్రం పెట్టిన షరతు అది. ఆకాశవాణి బులెటిన్‌ను మాత్రం వినిపించొచ్చు. వాతావరణం, పరీక్షల ఫలితాలు, జాతరలు చెప్పొచ్చు. కరెంటు, నీళ్ల గురించి అధికారులు ఇచ్చిన ప్రకటన చదవొచ్చు. అంటే రేపు కరెంటు ఉండదని చెప్పొచ్చు, నెల నుంచి ఎందుకు లేదని మాత్రం అడగొద్దు!

ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పింది. 2006లో స్వచ్ఛంద సంస్థలకు కూడా కమ్యూనిటీ రేడియో పెట్టుకునే అవకాశం ఇచ్చిండ్రు. జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళలు 2008లో సంఘం రేడియో మొదలుపెట్టి, చదువు రాకున్నా రేడియో నడపొచ్చని చూపించిండ్రు. అయినా వాళ్లకూ ఇదే షరతు. అదే టీవీ చానళ్లకైతే పొద్దంతా అరుచుకునే స్వేచ్ఛ ఉంది. పేపరోళ్లకూ ఉంది. చదువు రానోళ్లకు, సిగ్నల్ లేని గూడేలకు చేరే సాధనానికే నోరు కుట్టిండ్రు.

భద్రత అంటరు. ఎవరికి? వంద వాట్ల ట్రాన్స్‌మిటర్ నాలుగు గుట్టలు దాటదు. లైసెన్స్ ఇచ్చేది వాళ్లే. ప్రసారమైన ప్రతి కార్యక్రమం రికార్డు మూడు నెలలు దాచాలని రూలు పెట్టిందీ వాళ్లే. అబద్ధం చెప్తే దొరకబట్టడం వాట్సాప్‌లో కంటే ఇక్కడే సులువు. పార్టీలోళ్లు రేడియోను గుంజుకుంటరనే భయం మాత్రం నిజమే, దాన్ని నేను కొట్టిపారేయను. దానికి కాపలా గ్రామసభ ఉండాలె. నిషేధం కాదు.

2011 జనాభా లెక్కల్లో గోండి మాట్లాడేటోళ్లు సుమారు 30 లక్షలు. మా ఇంటి టీవీలో మాత్రం గోండి వార్త ఒక్కటీ రాదు. పక్కన ఛత్తీస్‌గఢ్‌లో 2010లో సీజీనెట్ స్వర అని ఒకటి పెట్టిండ్రు. ఫోన్ చేసి సొంత భాషలో కష్టం చెప్పుకుంటే, మిగతావాళ్లు ఫోన్‌లోనే వినేటట్టు. మంచి ఉపాయం. కానీ టవర్ లేని ఊరికి అదీ అందదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మనం ఫోన్లలో స్టేటస్‌లు పెట్టుకుంటున్నం, సరే. అవి అవ్వలు చూస్తున్నరా? పెసా చట్టం 1996 నుంచి ఉంది, గ్రామసభ మన చేతిలోనే ఉంది. వచ్చే గ్రామసభలో ఒక్క తీర్మానం పెట్టుండ్రి: కమ్యూనిటీ రేడియోలో స్థానిక వార్తలు, రాజకీయ చర్చలు మా భాషలో మాట్లాడనీయాలె అని. సంతకాలు, వేలిముద్రలు వేయించి కేంద్ర సమాచార, ప్రసార శాఖకు రిజిస్టర్ పోస్టులో పంపుండ్రి, రసీదు జాగ్రత్తగా దాచుకోండ్రి. మా గూడెం తీర్మానం మీద మొదటి వేలిముద్ర ఆ అవ్వదే.