అప్పు చేసి కెమెరా కొనొద్దు, ఉన్న ఫోన్‌తోనే మన ఇంటి ఫొటోలు తీద్దాం



పండగ సెలవులు దగ్గరపడితే మన హాస్టళ్ళలో ఒక మాట తప్పకుండా వస్తుంది. "ఒక మంచి కెమెరా ఉంటే ఇంట్లోవాళ్ళ ఫొటోలు బాగా తీయొచ్చు కదరా?" అని. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల యాడ చదివేవాళ్ళయినా ఇదే మాట. కొంతమంది ఈఎంఐ లెక్కలు కూడా వేస్తాంటారు. ఆ ఆశను మేము తక్కువ చేయం. అయితే మా అభిప్రాయం ముందే చెప్తాం. ఇంటి ఫొటోల కోసం అప్పు చేసి కెమెరా కొనాల్సిన పని లేదు. ఫొటోలు తీయడం మాత్రం ఈ సెలవుల్లోనే మొదలుపెట్టాలి.

ఎందుకంత తొందర అంటారా? మన ఇళ్ళల్లో గోడ మీద దండ వేసిన ఫొటోలు ఒకసారి చూడండి. చాలావరకు ఆధార్ కార్డులోనో, రేషన్ కార్డులోనో ఉన్న ఫొటోను స్టూడియోవాళ్ళు పెద్దది చేసి, వెనక నీలం రంగు వేసి ఇచ్చినవే. ఆ మనిషి నవ్వు ఎట్లుంటుందో అందులో తెలియదు. తల అటూఇటూ తిప్పొద్దని చెప్పి ఆఫీసులో తీసిన ఫొటో అది. 70 ఏళ్ళు బతికిన మనిషికి ఇంట్లో మిగిలింది అదొక్కటే. అవ్వ ఉన్నప్పుడే తీసుంటే పోయేది కదా అని తర్వాత అందరం అనుకుంటాం.

మన వాళ్ళకు అసలు ఫొటోలే లేవని కాదు. ఎప్పుడో తీశారు. ఎవరు, ఎందుకు తీశారన్నదే విషయం. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటుగా పనిచేసిన ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో దక్షిణ భారతంలోని కులాలు, తెగల మీద 7 సంపుటాలు అచ్చువేశాడు. లంబాడీలు, ఎరుకలు, యానాదులు అందరూ అందులో ఉన్నారు. ఆయన మనుషుల తల ఎంత, ముక్కు ఎంత అని కొలతలు కూడా తీసుకున్నాడు. ఆ సంపుటాల్లో చాలా ఫొటోల కింద మనిషి పేరు ఉండదు, కులం పేరు ఉంటుంది. 1911లో వచ్చిన నేరస్థ తెగల చట్టం కింద మన పెద్దల వేలిముద్రలు తీసుకున్నారు. 1952లో ఆ చట్టం పోయింది. మన పెద్దల గురించి రాసిపెట్టినవి అవసరం వాళ్ళది కాబట్టి వాళ్ళ దగ్గరే ఉండిపోయాయి.

ప్రేమగా తీసినవాళ్ళు కూడా ఉన్నారు. ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1940లలో నల్లమల చెంచుల మధ్య తిరిగి, 1943లో వాళ్ళ మీద పుస్తకం వేశాడు. ఆయన తీసిన ఫొటోలు ఇప్పుడు లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. తాత ముఖం చూడాలంటే మనవడు లండన్ వైపు చూడాల్సిన పరిస్థితి. ఇంట్లోవాళ్ళ ఫొటో ఇంట్లోవాళ్ళే తీసి, కింద పేరు రాసి, ఇంట్లోనే పెట్టుకోవాలని మేము అనేది ఇందుకే.

ఇప్పుడు కెమెరా సంగతికొద్దాం. "డీఎస్ఎల్ఆర్ లేకపోతే క్వాలిటీ రాదప్పా" అంటారు. లెక్క చూద్దాం. 4×6 అంగుళాల ప్రింటు బాగా రావాలంటే 1800×1200 పిక్సెళ్ళు చాలు. అంటే సుమారు 2 మెగాపిక్సెళ్ళు. గోడకు పెట్టే 8×12 సైజుకు దాదాపు 9 మెగాపిక్సెళ్ళు. ఇప్పుడు మన చేతుల్లో ఉన్న మామూలు ఫోన్ల వెనక కెమెరా కూడా ఇంతకంటే ఎక్కువే ఇస్తుంది. 24 మెగాపిక్సెళ్ళ కెనాన్ 1500డి లాంటిది మంచి కెమెరానే, కాదనం. కానీ 30 వేలు నూటికి 3 రూపాయల వడ్డీకి తెస్తే నెలకు వడ్డీయే 900. ఏడాదికి 10,800. చీనీ తోటల్లో, శనగ చేన్లలో కూలికి పోయే అమ్మానాయనల మీద ఆ భారం వేసి, ఆ కెమెరాతోనే వాళ్ళ ఫొటో తీయడం మాకు సరిగా అనిపించలేదు.

పెళ్ళిళ్ళకు తీసి సంపాదించుకుంటామనేవాళ్ళది వేరే లెక్క. అట్లాంటివాళ్ళు ముందు ఒక స్టూడియోలో కొన్నాళ్ళు పనిచేసి, చేయి తిరిగాక కొనండి. సెకండ్ హ్యాండ్ తీసుకుంటే లెన్స్‌ను వెలుతురుకు పట్టి లోపల బూజు ఉందేమో చూడండి. షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో అడగండి. బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో అక్కడే చూసుకోండి. బాడీ కొత్తదా పాతదా అనే దానికంటే లెన్స్ ముఖ్యం. కెమెరాతో వచ్చే 18–55 లెన్స్ 55 దగ్గర ఎఫ్ 5.6 వరకే తెరుచుకుంటుంది. 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ దానికి 9 రెట్లకు పైగా వెలుతురు లోపలికి తీసుకుంటుంది. గుడ్డి బల్బు వెలుగున్న ఇంట్లో ఆ తేడా బాగా తెలుస్తుంది.

మిగతా అందరికీ ఫోనే కెమెరా. దాన్ని వాడే పద్ధతి మాకు తెలిసినంత వరకు చెప్తాం.

మొదట లెన్స్ తుడవండి. జేబులో చెమట, నూనె అంటి సగం ఫొటోలు మసకగా వచ్చేది ఇందుకే. సెల్ఫీ కెమెరా వదిలేసి వెనక కెమెరా వాడండి. బ్యూటీ మోడ్ తీసేయండి. అది మన రంగును తెల్లగా, ముఖాన్ని మైనం ముద్దలాగా చేస్తుంది. అవ్వ ముఖం మీది ముడతలు, చేతి మీది పచ్చబొట్లు చెరిగిపోతే ఇంక ఆ ఫొటో ఎందుకు?

మన కడప ఎండలో మిట్టమధ్యాహ్నం తీయొద్దు. కళ్ళు గుంతల్లాగా నల్లగా పడతాయి. పొద్దున 8 లోపల గానీ, సాయంత్రం 5 తర్వాత గానీ తీయండి. పగలు తప్పదంటే గుమ్మం లోపల, ముఖం బయటి వెలుతురు వైపు ఉండేటట్టు కూర్చోబెట్టండి. వేపచెట్టు నీడ కూడా బాగుంటుంది. వెనక ఆకాశం ఉంటే కెమెరా దాన్ని చూసి వెలుగు తగ్గించేస్తుంది, మనిషి నల్లగా అయిపోతాడు. అప్పుడు తెర మీద ముఖం దగ్గర వేలు పెట్టి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కొంచెం పైకి జరపండి. మన సుగాలి పెద్దమ్మల అద్దాల రవికెకు ఫ్లాష్ కొడితే అద్దాలన్నీ తెల్లటి చుక్కలైపోతాయి. ఫ్లాష్ ఆపేసి, పక్కనుంచి వెలుతురు పడేటట్టు నిలబెట్టండి.

ముఖానికి మరీ దగ్గరికి పోవద్దు. ఫోన్ లెన్స్ వెడల్పుగా చూస్తుంది కాబట్టి దగ్గరినుంచి తీస్తే ముక్కు పెద్దదవుతుంది. రెండు అడుగులు వెనక్కి వచ్చి 2ఎక్స్ పెట్టండి. పిల్లలను తీసేటప్పుడు కింద కూర్చోండి.

ఏం తీయాలి? వరుసగా నిలబెట్టి తీసే ఫొటో ఒకటి సరిపోతుంది. తర్వాత వాళ్ళు పనిలో ఉన్నప్పుడు తీయండి. బుట్ట అల్లే చేతులు, పొయ్యి దగ్గర అమ్మ, గొడ్లకు నీళ్ళు పెట్టే నాయన, ఫిబ్రవరి 15న సేవాలాల్ జయంతికి భోగ్ దగ్గర కూర్చున్న పెద్దలు. ఇంటిని కూడా తీయండి. వాకిలి, నాపరాయి అరుగు, చెట్టు, బావి, అన్నీ. 2020లో గండికోట జలాశయంలో నీళ్ళు పెంచినప్పుడు కొండాపురం మండలంలో తాళ్ళప్రొద్దుటూరు లాంటి ఊళ్ళు ఖాళీ అయ్యాయి. ఊరు నీళ్ళలోకి పోయిన తర్వాత ఇంటి ఫొటో తీయడానికి ఇల్లు ఉండదు కదా.

ఇంకొకటి. అడిగి తీయండి. గండికోట చూడ్డానికి వచ్చినవాళ్ళు మన ఆడవాళ్ళ వైపు అడగకుండా కెమెరా తిప్పితే మనకు ఎట్లుంటుంది? మన ఇంట్లో కూడా అదే న్యాయం. అవ్వ వద్దంటే ఆ రోజుకు వదిలేయండి. అక్కచెల్లెళ్ళ ఫొటో వాళ్ళను అడగకుండా స్టేటస్‌లో పెట్టొద్దు. తీసిన ఫొటో మొదట వాళ్ళకే చూపించండి. మన పెద్దవాళ్ళలో చాలామంది తమ ఫొటో తాము పెద్దగా చూసుకున్నవాళ్ళు కాదు. చూసుకుని వాళ్ళే "ఇంకొకటి తియ్యి నాయనా" అంటారు.

తీసింది నిలవాలంటే మూడు పనులు చేయాలి. ఒకటి, వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో సైజు తగ్గిపోతుంది, అందుకే డాక్యుమెంట్‌గా పంపండి. రెండు, ఫోన్‌లో ఒక కాపీ, బయట ఒక కాపీ ఉండాలి. గూగుల్ ఖాతాలో 15 జీబీ ఉచితం, అందులో మెయిల్, డ్రైవ్ కూడా కలిసే ఉంటాయి కాబట్టి పనికిరాని వీడియోలు తీసేసి ఇంటి ఫొటోలకు జాగా ఉంచండి. మూడోది అన్నిటికంటే ముఖ్యం, ప్రింటు. ఫోన్ పగిలితే, పాస్‌వర్డ్ మరిచిపోతే అన్నీ పోతాయి. ప్రొద్దుటూరులో గానీ పులివెందులలో గానీ జమ్మలమడుగులో గానీ స్టూడియోలో 4×6 ప్రింటు వేయించి, వెనక మనిషి పూర్తి పేరు, ఇంటిపేరు, ఊరు లేదా తండా, తేదీ రాయండి. సిరా ఆరాకే పెట్టెలో పెట్టండి. లేకపోతే పక్క ఫొటోకు అంటుకుంటుంది.

పేరు రాయడం చిన్న పని అనుకోవద్దు. థర్‌స్టన్ పుస్తకంలో మన వాళ్ళకు దక్కనిది అదే. మన చదువు మొదట అక్కరకు రావాల్సింది అక్కడే అని మేము అనుకుంటాన్నాం. ఇంట్లో మొదటగా పెన్ను పట్టినవాళ్ళం మనమే కాబట్టి ఆ పేర్లు మనమే రాయాలి.

ఈ సెలవులకు ఒక్కొక్కరం ఇంట్లో పెద్దవాళ్ళవి 10 ఫొటోలు తీద్దాం. అందులో 3 ప్రింటు వేయించి ఇంట్లో ఇచ్చిపోదాం. ఫోన్ లేని తమ్ముడో చెల్లెలో పక్క రూములో ఉంటే వాళ్ళ ఊరికి కూడా ఒకరు తోడు పోండి.